కోడలి యాసకు నవ్వారు, ఇప్పుడు ఆమె మాట్లాడటం లేదు

ప్రశ్న: మాది కోనసీమలో అమలాపురం దగ్గర పల్లెటూరు. మా అబ్బాయి ఫ్రాన్స్‌లో ఉద్యోగం చేస్తూ అక్కడి అమ్మాయినే పెళ్ళి చేసుకున్నాడు. ఆ అమ్మాయి మా కోసం పట్టుదలగా తెలుగు నేర్చుకుంది. మొన్న సంక్రాంతికి వచ్చి అందరితో తెలుగులోనే మాట్లాడింది. ఆ పలుకు విని మా ఆడపడుచు, పిల్లలు పడీపడీ నవ్వారు. ఒకరు అనుకరిస్తుంటే ఇంకొకరు వీడియో తీసి మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో పెట్టారు. వెళ్ళేముందు ఆ అమ్మాయి "అత్తయ్యా, నా తెలుగు మీకు ఎలా వినిపిస్తోంది? నిజం చెప్పండి" అంది. "అచ్చం మనవాళ్ళలాగే ఉందమ్మా" అన్నాను. తర్వాత వీడియో చూసిందట. ఇప్పుడు ఫోన్ చేస్తే "బాగున్నారా" అని మా అబ్బాయి చేతికి ఇచ్చేస్తోంది. నాకు నిద్ర పట్టడం లేదు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, మీ కోడలు అడిగిన ప్రశ్నకి ఇంకా జవాబు అందలేదు. ముందు అది ఇవ్వండి, నవ్విన వాళ్ళ సంగతి తర్వాత చూద్దాం. మీరు ప్రేమతోనే అలా అన్నారు. కానీ వీడియో చూశాక, ఆ ఇంట్లో తను నమ్మి అడిగిన మనిషి కూడా నిజం దాచిందని ఆమెకు అనిపించి ఉంటుంది. నవ్వు ఎంత నొప్పించిందో ఇదీ అంతే నొప్పించి ఉంటుందని నా అభిప్రాయం.

ఆమె తెలుగు మన చెవికి ఎలా వినిపిస్తుందో కాస్త వివరంగా చెప్తాను, ఆమెతో మాట్లాడేటప్పుడు మీకు పనికొస్తుంది. ఫ్రెంచిలో త, ద ఉన్నాయి గానీ ట, డ, ణ, ళ లేవు. అందుకే ఆమె "పాట" అంటే మనకి "పాత" అని వినిపిస్తుంది. "పెట్టండి" అంటే "పెతంది" లాంటిదేదో వినిపిస్తుంది. ర గొంతులోంచి వస్తుంది. హ ఎగిరిపోతుంది. వాక్యం బరువంతా చివరికి జారుతుంది. ఇంగ్లిష్ వాళ్ళయితే దీనికి సరిగ్గా ఎదురు, మన "తాత"ని "టాటా" చేసేస్తారు.

ఇది ఆమె శ్రద్ధలో లోపం కాదు. కెనడాలో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ 1984లో ప్రచురించిన పరిశోధన ఒకటుంది. ఇంగ్లిష్ మాట్లాడే ఇళ్ళల్లోని పసిపిల్లలకి హిందీ త, ట వినిపించారు. ఆరు నుంచి ఎనిమిది నెలల పిల్లల్లో ఎక్కువమంది తేడా పట్టుకున్నారు. ఏడాది నిండే వేళకి దాదాపు ఎవరూ పట్టుకోలేకపోయారు. ఇంట్లో వినపడని తేడాని చెవి అంత తొందరగా వదిలేస్తుంది. మీ కోడలు పెద్దయ్యాక దాన్ని మళ్ళీ వెతుక్కుంటోంది, ఎంత కష్టపడుతోందో చూడండి.

ఇక మనవాళ్ళ నవ్వు. మన ఇళ్ళల్లో ట, ళ నోరు తిరగనిది ఎవరికి? మాటలు వస్తున్న పిల్లలకి. అందుకే పరదేశం యాస చెవిన పడగానే అవి ముద్దు మాటల్లా తోస్తాయి. "ఎంత ముద్దుగా అందో" అంటాం, చెవిటివాళ్ళతో మాట్లాడినట్టు గొంతు పెంచుతాం, ఆమె మాట పూర్తి కాకముందే మనమే అందిస్తాం. మీ ఆడపడుచుకి చెడు ఉద్దేశం లేకపోవచ్చు. కానీ తన ఉద్యోగం, తన సంసారం చూసుకుంటున్న మనిషిని పది మందిలో పసిదాన్ని చేస్తే ఆమెకు అది అవమానమే. షికాగో విశ్వవిద్యాలయంలో షిరి లెవ్-ఆరి, బోజ్ కేసర్ 2010లో మరో సంగతి చూపించారు: అదే వాక్యం పరాయి యాసలో వినిపిస్తే జనం దాన్ని కొంచెం తక్కువ నమ్ముతారట. వినడానికి పడ్డ శ్రమని, చెప్పినవాళ్ళ మీద అనుమానంగా మార్చేసుకుంటామన్నమాట. హైదరాబాద్‌లో మన "ఆయ్", "అండీ" వినగానే మనిషిని తేలిగ్గా తీసుకునేవాళ్ళు మీకూ తగిలే ఉంటారు.

మీకు ధైర్యమిచ్చే మాట కూడా ఉంది. యాస ఎక్కువగా ఉండటం వేరు, అర్థం కాకపోవడం వేరు. మర్రే మన్రో, ట్రేసీ డెర్వింగ్ అనే పరిశోధకులు 1995లో దీన్ని పరీక్షించారు. చైనీస్ మాతృభాషగా ఉన్నవాళ్ళ ఇంగ్లిష్‌ని, ఇంగ్లిష్ వాళ్ళు చాలాసార్లు ఒక్క మాట పోకుండా రాసుకున్నారు. అలా రాసుకున్న మాటల్లోనే కొన్నిటికి "యాస చాలా ఎక్కువ" అనీ మార్కులు వేశారు. చెవి కూడా తొందరగానే అలవాటు పడుతుంది. పండగ మొదటిరోజు కంటే ఆమె వెళ్ళేనాటికి మీకు సులువుగా అర్థమై ఉంటుంది, గుర్తు చేసుకోండి.

కాబట్టి ఫోన్‌లో మీరే, అబ్బాయి మధ్యవర్తిత్వం లేకుండా, చిన్న చిన్న మాటల్లో చెప్పండి: "అమ్మాయ్, ఆ రోజు నేను నిజం చెప్పలేదు. నీ పలుకు వినగానే వేరే దేశం దానివని తెలుస్తుంది. ట, ళ నీకు ఇంకా రాలేదు. అయినా నువ్వు చెప్పింది నాకు అర్థమైంది. వాళ్ళు నవ్వుతుంటే నేను ఆపలేదు. అది నా తప్పు." తర్వాత అడగండి, "దిద్దమంటావా?" అని.

దిద్దమంటే అన్నీ దిద్దకండి. ఆ ర ని వదిలేయండి, దానివల్ల ఎవరికీ ఏ మాటా తప్పు అర్థం కాదు. దీర్ఘాలు, ఒత్తులు పట్టుకోండి. "పాలు", "పళ్ళు" ఆమె నోట ఒకేలా వచ్చే అవకాశముంది, వంటింట్లో రోజూ అక్కరకొచ్చే మాటలవి. ఆమె పేరు అక్కడివాళ్ళు పలికినట్టు పలకడం మీరూ ఆమె దగ్గరే నేర్చుకోండి. వద్దంటే మాత్రం ఒక్క మాట కూడా దిద్దకండి.

మీ అబ్బాయి మీద నాకు కొంచెం కోపంగానే ఉంది. అతని ఫ్రెంచి అక్కడివాళ్ళ చెవికి ఎలా ఉంటుందో అతనికి తెలుసు. భోజనాల దగ్గర భార్యని అనుకరిస్తుంటే నోరు విప్పాల్సింది. ఈ మాట మీరే అతనితో అనండి.

ఆడపడుచుతో గ్రూపులో వాదన పెట్టుకోవద్దు. వాళ్ళింటికి వెళ్ళి ఒంటరిగా కూర్చుని చెప్పండి. వీడియో తీసేయించండి. పెట్టినవాళ్ళు కోడలికి నేరుగా క్షమాపణ చెప్పాలి. మీ కోడలు వెంటనే తెలుగులోకి రాకపోవచ్చు, ఒకట్రెండు నెలలు పట్టినా తొందరపెట్టకండి. ఆమె మళ్ళీ ఊరు వచ్చేలోపు ఆడపడుచుతో మాట్లాడే పని మాత్రం పూర్తి చేసుకోండి.