బుడ్డల (వేరుశనగ) లెక్కలో టోటల్ సున్నా ఎందుకొస్తోందంటే

పిల్లలు ఎక్సెల్ షీటులో బుడ్డల సంచుల బరువు ఎక్కిస్తే టోటల్ సున్నా వస్తోందని అడిగారు కదా. వాళ్ళు "40 కేజీలు" అని అంకె, మాట కలిపి ఒకే గడిలో కొట్టి ఉంటారు మేడమ్. మాట చేరితే ఎక్సెల్ దాన్ని అంకెగా చూడదు, సమ్ ఫార్ములా ఆ గడిని వదిలేస్తుంది. అందుకే టోటల్ సున్నా. మీ తొమ్మిదో తరగతి పిల్లల తప్పేం లేదు, మన అనంతపురం పల్లెల్లో సంచుల లెక్క నోటుబుక్కులో అలాగే కదా రాస్తారు.

1. "కేజీలు", "రూపాయలు" పై వరుసలో హెడ్డింగుగా పెట్టించండి, కింద ఉత్త అంకెలే.

2. ఇప్పటికే కొట్టిన నిలువు వరుసను సెలెక్ట్ చేసి కంట్రోల్, హెచ్ కలిపి నొక్కండి. మొదటి పెట్టెలో "కేజీలు", రెండోది ఖాళీ, తర్వాత రీప్లేస్ ఆల్.

3. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. అంకెలు గడిలో కుడివైపుకు జరిగాయా లేదా చూడాలి. ఇంకా ఎడమవైపే ఉంటే, ఆ గడి ఫార్మాట్ టెక్స్ట్‌గా ఉండిపోయి ఉండొచ్చు. దాన్ని జనరల్‌కి మార్చండి, మార్చినంత మాత్రాన సరిపోదు, గడి మీద డబుల్ క్లిక్ చేసి ఎంటర్ కొడితేనే అంకె అవుతుంది.

ఎడమవైపు మిగిలిన గడులు మీరు చూపించకండి, మౌస్ పిల్లల చేతికే ఇచ్చి వెతకనివ్వండి, నేర్చుకునేది అక్కడే. చివరికి మూడు సంచుల బరువు కాగితం మీద కూడించి, షీటులో వచ్చినదాంతో సరిచూడమనండి.