అలైన్‌మెంట్ అయ్యాక కూడా కార్నర్ బ్యాలెన్సింగ్ కావాలా?

మీరు అడిగింది ఇది: బెంగళూరులో ఉంటారు, సెకండ్‌హ్యాండ్‌లో పోర్షే 718 కేమన్ కొన్నారు, ఎత్తు మార్చుకునే కాయిలోవర్లు (స్ప్రింగూ, దాని ఊగుడు ఆపే డ్యాంపరూ కలిసిన సస్పెన్షన్) వేయించారు, వీల్ అలైన్‌మెంట్ కూడా అయింది, అయినా కారు ఎడమ మలుపులో ఒకలా, కుడి మలుపులో ఇంకోలా తిరుగుతోంది. కార్నర్ బ్యాలెన్సింగ్, అంటే ఒక్కో చక్రం మీద ఎంత బరువు పడుతోందో తూచి సరిచేయడం, చేయించమంటున్నారు, అది నిజంగా కావాలా, ఊరికే ఖర్చా అని.

కావాలి. కాయిలోవర్లు వేయించారు కాబట్టే కావాలి. కంపెనీ సస్పెన్షన్ మీదే ఉండుంటే వద్దనేవాణ్ణి, ఎందుకంటే మామూలు కేమన్‌లో స్ప్రింగ్ కూర్చునే సీటు ఎత్తు మార్చడానికి వీలుండదు, తూకం వేసి అంకెలు చూసుకోవడమే తప్ప చేయగలిగేది పెద్దగా ఏమీ లేదు. కేమన్‌లోనే ట్రాక్ కోసం చేసిన జీటీ4 లాంటి వాటిలో ఎత్తు, క్యాంబర్ (చక్రం పైభాగం లోపలికో బయటికో వాలడం), టో (చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరిగి ఉండటం), యాంటీ రోల్ బార్ (మలుపులో కారు పక్కకి ఒరగకుండా ఆపే కడ్డీ) అన్నీ మార్చుకునేలా పోర్షేనే ఇస్తుంది, ఆ కథ వేరు.

నేనుండేది చెన్నైలో, నాదీ కేమనే. ట్రాక్ డే (సొంత కార్లని రేస్ ట్రాక్ మీద నడపనిచ్చే రోజు) పెట్టినప్పుడల్లా ఇరుంగాట్టుకోట్టై రేస్ ట్రాక్‌కి వెళ్తాను, మీకూ బెంగళూరు నుంచి హైవే మీద అదే దారిలో వస్తుంది కదా, 3.7 కిలోమీటర్ల ట్రాక్, 12 మలుపులు, అటూ ఇటూ రెండు వైపుల మలుపులూ ఉంటాయి కాబట్టి ఇలాంటి తేడా దాచినా దాగదు. కాయిలోవర్లు వేసిన కొత్తలో నా కారు కూడా అచ్చం మీరు చెప్పినట్టే ఉండేది: ఎడమ మలుపులో స్టీరింగ్ తిప్పినా ముక్కు బయటికే పోయేది, కుడి మలుపులో వెనక భాగం వదులుగా ఊగేది, గట్టిగా బ్రేక్ వేస్తే ముందు ఎడమ చక్రానికే ఏబీఎస్ తొందరగా వచ్చేది. అలైన్‌మెంట్ షీట్ చూస్తే అన్నీ పచ్చ రంగులోనే, అంటే సరిగ్గానే ఉన్నాయి.

అలైన్‌మెంట్ చక్రం ఎటు చూస్తోందో చెబుతుంది, దాని మీద ఎంత బరువుందో చెప్పదు. నాలుగు కోళ్ల మంచం ఊహించుకోండి, ఒక కోడు కింద చెక్కముక్క పెడితే బరువు ఆ కోడు మీదా, దానికి ఐమూలగా ఉన్న కోడు మీదా పడుతుంది, మిగతా రెండూ తేలిపోతాయి. కాయిలోవర్‌లో ఒక మూల స్ప్రింగ్ సీటు నట్టు పైకి తిప్పడం అంటే అదే. ఫెండర్ దగ్గర టేపు పెట్టి నాలుగు వైపులా ఎత్తు సమానంగా ఉంచామంటే ఐమూల బరువు సరిపోయినట్టు కాదు, బాడీలో రెండు మిల్లీమీటర్ల తేడా ఉన్నా లెక్క తప్పుతుంది.

ఇప్పుడు అంకెలు, అర్థం కావడానికి గుండ్రంగా తీసుకున్నవి. డ్రైవర్ కూర్చున్నాక మొత్తం 1400 కిలోలు అనుకుందాం. ముందు ఎడమ 300, ముందు కుడి 325, వెనక ఎడమ 395, వెనక కుడి 380. ముందు కుడి, వెనక ఎడమ కలిపితే 720, అంటే 51.4 శాతం. రెండో ఐమూల 680. ఈ తేడానే మీకు మలుపుల్లో తెలిసేది. ముందు కుడి, వెనక ఎడమ కాస్త దించి, మిగతా రెండూ అంతే ఎత్తితే 310, 315, 385, 390 వస్తాయి, రెండు ఐమూలలూ చెరి 700. ఒక్కో చక్రం దగ్గర కదిలింది పది కిలోలే. స్ప్రింగ్ గట్టిదనాన్ని బట్టి రెండు మూడు మిల్లీమీటర్ల పని.

ఒకటి గమనించండి, ముందు మొత్తం అప్పుడూ 625, ఇప్పుడూ 625. ఎడమ మొత్తం అప్పుడూ 695, ఇప్పుడూ 695. నట్లు ఎంత తిప్పినా ముందు వెనకల వాటా, కుడి ఎడమల వాటా మారవు, వాటిని మార్చాలంటే బ్యాటరీయో ఇంకేదో బరువైన వస్తువు చోటు మార్చాల్సిందే. కాబట్టి నాలుగు చక్రాల మీదా సమానంగా తెస్తామని ఎవరైనా అంటే ఆ వర్క్‌షాప్ నుంచి వచ్చేయండి, ఇంజన్ మధ్యలో ఉన్న కారుకి వెనక బరువు ఎక్కువుండి తీరాలి. చూడాల్సింది ఐమూల శాతం ఒక్కటే, అది 50కి అర శాతం అటూ ఇటూ ఉంటే చాలు. దశాంశాల కోసం ఇంకో పూట కూర్చోవడం నా దృష్టిలో దండగ, పెట్రోల్ కాస్త తగ్గినా ఆ దశాంశం మారిపోతుంది.

అసలు కష్టం తూకంలో కాదు, నేలలో ఉంది. చక్రాల కింద పెట్టే నాలుగు తూకం ప్యాడ్లూ ఒకే మట్టంలో లేకపోతే వచ్చే అంకెలన్నీ అబద్ధం, గట్టి స్ప్రింగులున్న కారుకి ఒక మూల మూడు మిల్లీమీటర్లు తేడా ఉంటే చాలు, ఆ అర శాతం అక్కడే పోతుంది. మన గ్యారేజీల్లో నీళ్లు పోవడానికి నేల వాలుగానే కడతారు. నా కారు చేసిన వర్క్‌షాప్ వాళ్లు మేస్త్రీలు వాడే నీళ్ల ట్యూబుతో మట్టం చూసి, పల్చటి రేకులు పెట్టి, నేల మీద పెయింట్‌తో గుర్తులు వేసుకున్నారు, ఆ పని కోసం ఓపిగ్గా టైం తీసుకున్నారు కాబట్టే నాకు వాళ్ల మీద నమ్మకం కుదిరింది. మీరు ఎక్కడికి వెళ్లినా ముందు అడగాల్సింది నేల మట్టం ఎలా చూశారని. సమాధానం సరిగ్గా రాకపోతే అక్కడ చేయించకండి.

బుష్‌లు, బాల్ జాయింట్లు, టాప్ మౌంట్లు (సస్పెన్షన్ కీళ్ల దగ్గర అరిగిపోయే భాగాలు) ముందే చూపించండి, సెకండ్‌హ్యాండ్ కారు కదా, అరిగిన బుష్ మీద చేసిన సెటప్ నిలవదు. టైర్లలో గాలి మీరు నడిపే ప్రెషర్‌కి పెట్టాలి, పెట్రోల్ సగం ట్యాంక్. యాంటీ రోల్ బార్ లింకులు ఊడదీయాలి, ఇది చాలామంది వదిలేస్తారు, లింకు బిగించి ఉంటే బార్ తనే మెలిపడి ఒక వైపు బరువు మోస్తుంది, తూకం దాన్నే చూపిస్తుంది. చివర్లో లింకు మళ్లీ బిగించేటప్పుడు పొడవు మార్చుకునే లింకులతో, ఏ వైపూ లాగకుండా కూర్చోబెట్టాలి, లేకపోతే చేసినదంతా పోయినట్టే. డ్రైవర్ సీట్లో మీరే కూర్చోవడం మంచిది. అంతసేపు కుదరదంటే మీ బరువుకి సరిపడా బియ్యం బస్తాలు పెట్టొచ్చు, కానీ కాళ్ల బరువు పెడల్స్ దగ్గర పడాలి, అందుకని ఒక చిన్న మూట కింద పెట్టమనండి.

నట్టు తిప్పిన ప్రతిసారీ కారుని ముందుకీ వెనక్కీ తోసి, బానెట్ మీదా వెనకా నొక్కి వదలాలి. దించినప్పుడు టైర్లు పక్కకి బిగుసుకుని సస్పెన్షన్ పూర్తిగా కూర్చోదు. డ్యాంపర్లు అప్పటిదాకా మెత్తటి సెట్టింగ్‌లో ఉంచితే తొందరగా కూర్చుంటుంది.

ఎత్తు ముందే తేల్చుకోండి. బెంగళూరు స్పీడ్ బ్రేకర్లు, అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్ ర్యాంపులు చూసుకుని, ముక్కు గీసుకోని ఎత్తు ఏదో ఒకటి ఖాయం చేశాకే తూకం ఎక్కించాలి. తర్వాత ఇంకాస్త దించుదాం అంటే నాలుగూ మళ్లీ మొదటి నుంచి. ఎత్తు మారితే టో, క్యాంబర్ కూడా మారతాయి, అందుకే అలైన్‌మెంట్ ఆఖర్న చేయించాలి, మీరు ముందు చేయించింది మళ్లీ చేయించక తప్పదు. అలైన్‌మెంట్‌లో ఏదైనా ఎక్కువగా కదిపితే తూకం ఇంకోసారి చూడాలి. ట్రాక్‌కి తీసుకెళ్లేట్టయితే ముందు చక్రాలకి మైనస్ రెండు డిగ్రీలకి మించి క్యాంబర్ (పైభాగం లోపలికి వాలి) ఉంటే టైరు బయటి అంచు తినకుండా ఉంటుంది, రోజూ ఆఫీసుకీ అదే కారు అయితే అంతకన్నా తక్కువే మేలు. వెనక కొద్దిగా టో ఇన్ (చక్రాల ముందు అంచులు లోపలికి) ఉంచండి, ఇంజన్ మధ్యలో ఉన్న కారుకి బ్రేక్ మీద ఆ భరోసా కావాలి.

నాకు తేడా మొదటి ల్యాప్‌లోనే తెలిసింది. కారు వేగంగా అయిందని కాదు, రెండు వైపులా ఒకేలా తిరగడం మొదలైంది, కుడి మలుపులో భయం పోయింది, బ్రేక్ ఎక్కడ వేయాలన్న దాని మీద మనసు పెట్టగలిగాను. ఆ తర్వాతే యాంటీ రోల్ బార్లు, డ్యాంపర్ సెట్టింగ్ క్లిక్కులు మార్చి చూడటంలో అర్థం ఉంది, ఐమూల తప్పుగా ఉన్నప్పుడు ముందు బార్ మెత్తగా చేస్తే ఎడమ మలుపు బాగవుతుంది, కుడి మలుపు ఇంకా పాడవుతుంది.

పని మొదలుపెట్టే ముందు అంకెలు, అయ్యాక అంకెలు రెండూ కాగితం మీద తీసుకోండి, పెట్రోల్ ఎంతుందో, సీట్లో ఎంత బరువు పెట్టారో, గాలి ఎంతుందో దాని మీదే రాయించండి. మీ స్ప్రింగులు కొత్తవి కాబట్టి కొన్ని వారాలు నడిపాక కాస్త కూర్చుంటాయి. అప్పుడు ఇంకోసారి తూకం వేయించి, ఈ కాగితంతో పోల్చి చూసుకోండి.