విజిల్ మెడలో వేసుకునే ముందు: బాస్కెట్‌బాల్ సందేహాలు, జవాబులు

ఈసారి ఉత్తరాలు ఎక్కువగా చెన్నై పాఠకుల నుంచే వచ్చాయి. ఒకే రకం ప్రశ్నలను కలిపి జవాబు ఇస్తున్నాం.

ప్రశ్న: చెన్నైలో బి.కామ్. ఆఖరి సంవత్సరం చదువుతున్నాను. సొంతూరు నెల్లూరు. కాలేజీ జట్టులో పాయింట్ గార్డుని (బంతి ముందుకు తెచ్చి ఆట నడిపించేవాణ్ణి). యూనివర్సిటీ తరఫున సౌత్ జోన్ (దక్షిణాది ఇంటర్ యూనివర్సిటీ పోటీలు) రెండుసార్లు ఆడాను. ఇండియాకు ఆడేంత ఆట నాది కాదని నాకే తెలుసు. కోచ్ కావాలని ఉంది. నాన్నగారేమో ముందు ఉద్యోగం చూసుకోమంటున్నారు. ఏ కోర్సులో చేరాలి? (తాంబరం పాఠకుడు)

జవాబు: కోర్సు సంగతి తర్వాత. ముందు ఒక కాగితం సంపాదించుకోండి. కేంద్ర ప్రభుత్వ స్పోర్ట్స్ కోటా ఉద్యోగాలకు ఇంటర్ యూనివర్సిటీ ఆడినవాళ్ళు ఇవ్వాల్సిన సర్టిఫికెట్ నమూనా ఒకటుంది, దాన్ని ఫారం-3 అంటారు. దాని మీద యూనివర్సిటీ క్రీడా విభాగం అధికారి సంతకం ఉండాలి. టోర్నమెంటులో ఇచ్చిన రంగుల సర్టిఫికెట్ దానికి బదులు కాదు. చదువు అయిపోయి, అధికారులు మారిపోయి, పాత రికార్డు ఏ బీరువాలో ఉందో ఎవరికీ గుర్తులేని రోజున వెళ్ళి అడిగితే నెలల తరబడి తిరగాలి. హాల్‌టికెట్ తీసుకోవడానికి వెళ్ళే రోజే ఈ పనీ ముగించండి. రెండు టోర్నమెంట్లకు రెండు ఫారాలు.

ఆ కాగితం ఉంటే నాన్నగారి మాటా మీ కోరికా ఒకే దారిలో నడవొచ్చు. చెన్నైలో ఇండియన్ ఓవర్సీస్ బ్యాంకు, ఐ.సి.ఎఫ్. (రైలు పెట్టెల కర్మాగారం), సదరన్ రైల్వే వంటి సంస్థలకు బాస్కెట్‌బాల్ జట్లున్నాయి. ప్రకటన పడినప్పుడు ట్రయల్స్‌కి వెళ్ళండి. దొరికితే జీతం తీసుకుంటూ ఇంకొన్నేళ్ళు ఆడతారు, కోచింగ్ ఆ తర్వాత మొదలుపెట్టినా ఆలస్యం కాదు. దొరక్కపోతే పోయేదేమీ లేదు.

ఇక కోర్సులు. ‘కోచ్’ అని అందరూ అనే మాట కింద మూడు వేర్వేరు ఉద్యోగాలున్నాయి. స్కూల్లో పి.ఇ.టి. (వ్యాయామ ఉపాధ్యాయుడు) కావాలంటే బి.పి.ఎడ్. (వ్యాయామ విద్యలో డిగ్రీ) చెయ్యాలి. డిగ్రీ తర్వాత రెండేళ్ళు. బి.కామ్. అయినా ఫరవాలేదు, ఆడిన రికార్డు, కావలసిన మార్కులు ఉంటే చాలు. కానీ అక్కడ మీరు బాస్కెట్‌బాల్ మనిషి కాదు. కబడ్డీ, ఖోఖో, మార్చ్‌పాస్ట్, స్పోర్ట్స్ డే సున్నం గీతలు, అన్నీ మీవే. కాలేజీలో ఫిజికల్ డైరెక్టర్ కావాలంటే ఎం.పి.ఎడ్., దాని మీద నెట్ లేదా సెట్ అర్హత పరీక్ష. ఒక్క ఆటనే పట్టుకుని నేర్పాలని ఉంటే పటియాలాలోని జాతీయ క్రీడా సంస్థ ఎన్.ఐ.ఎస్. డిప్లొమా, ఏడాది కోర్సు. అదే సంస్థ ఆరు వారాల సర్టిఫికెట్ కోర్సు కూడా నడుపుతుంది. కోచింగ్ మీకు సరిపడుతుందో లేదో తెలుసుకోవడానికి అది మంచిదే. అయితే ప్రభుత్వ కోచ్ పోస్టుల ప్రకటనల్లో సాధారణంగా అడిగేది డిప్లొమా. ‘ఎన్.ఐ.ఎస్. చేశాను’ అని రెండిటినీ ఒకే మాటలో చెప్పుకునేవాళ్ళను చూసి మోసపోకండి.

ఒక్క మాట. పాయింట్ గార్డు కాబట్టి ఆట చదవడం మీకు అలవాటే. అయితే ఆడటం వచ్చినంత మాత్రాన నేర్పడం రాదు. కింది ఉత్తరం చూడండి.

ప్రశ్న: కాలేజీలో ఉన్నన్నాళ్ళూ ఆడాను. ఇప్పుడు ఒక స్కూల్లో సాయంత్రాలు నేర్పిస్తున్నాను. 24 మంది పిల్లలు, 11 నుంచి 13 ఏళ్ళవాళ్ళు. ఒక కోర్టు, రెండు రింగులు, ఎనిమిది బంతులు, గంటన్నర టైము. లేఅప్ (పరిగెత్తి వచ్చి, రింగు దగ్గర ఎగిరి బంతి వెయ్యడం) లైను వేస్తే వెనక నిలబడ్డవాళ్ళు కొట్టుకుంటున్నారు. అరిచి అరిచి గొంతు పోతోంది. మూడు నెలలైనా సగం మందికి లేఅప్ రాలేదు. (అంబత్తూరు పాఠకుడు)

జవాబు: తప్పు పిల్లలది కాదు, లైనుది. లెక్క వేయండి. ఒకడు పరిగెత్తి, లేఅప్ వేసి, బంతి అందుకుని వెనక్కి విసిరేసరికి ఆరు సెకన్లు. 24 మంది ఒకే లైనులో ఉంటే మళ్ళీ వాడి వంతు 144 సెకన్లకు వస్తుంది. పది నిమిషాల్లో ఒక్కొక్కడికి నాలుగు లేఅప్‌లు. అంటే 24 సెకన్లు ఆట, తొమ్మిదిన్నర నిమిషాలు నిలబడటం. పన్నెండేళ్ళ పిల్లాడు తొమ్మిదిన్నర నిమిషాలు ఊరికే నిలబడితే పక్కవాడి చొక్కా లాగక ఏం చేస్తాడు?

ప్రాక్టీసు రాసుకునేటప్పుడు ‘ఏ డ్రిల్లు’ అని కాక ‘ఎవరి చేతికి ఎన్నిసార్లు బంతి’ అని రాసుకోండి. ఎనిమిది బంతులకు ముగ్గురేసి. మొదటి పది నిమిషాలు వార్మప్ కూడా బంతితోనే: ముగ్గురిలో ఒకరు అవతలి గీత దాకా డ్రిబుల్ చేసి వచ్చేలోపు మిగతా ఇద్దరూ ఉన్నచోటే ఎగిరి, మోకాళ్ళు వంచి, చప్పుడు లేకుండా దిగడం. తర్వాత పదిహేను నిమిషాలు అవే జట్లలో డ్రిబుల్, పాస్. ఇరవై నిమిషాలు లేఅప్ అడుగులు. అరగంట చిన్న ఆటలు, పది నిమిషాలు పూర్తి కోర్టు మ్యాచ్, చివరి ఐదు నిమిషాలు ఫ్రీ త్రోలు (ఫౌల్ అయినప్పుడు గీత దగ్గర నిలబడి, ఎవరూ అడ్డుకోకుండా వేసేవి).

అరగంట చిన్న ఆటల్లోనే పిల్లలు ఎక్కువ నేర్చుకుంటారు. ఒక్కో రింగు కింద ముగ్గురికి ముగ్గురు, మొత్తం పన్నెండు మంది, రెండు బంతులు. మిగిలిన పన్నెండు మందికి ఆరు బంతులు, పక్క గీతల బయట జతలుగా పాసులు. నాలుగు నిమిషాలకోసారి విజిల్, వాళ్ళు లోపలికి, వీళ్ళు బయటికి. ఆటలో ఒకే ఒక్క నియమం మార్చండి. ఒకరోజు డ్రిబుల్ నిషేధం. అప్పుడు బంతి లేనివాడు కదలక తప్పదు. ఇంకోరోజు ముగ్గురి చేతులూ తాకితేనే బాస్కెట్ లెక్క. అప్పుడు బాగా ఆడే ఇద్దరూ మూడోవాణ్ణి మనిషిగా గుర్తిస్తారు.

లేఅప్ రాకపోవడానికి కారణం చేతుల్లో కాదు, పాదాల్లో ఉంది. కుడిచేత్తో వేసేవాడు ఎడమకాలి మీద ఎగరాలి. డ్రిబుల్, పరుగు, రెండడుగులు, ఎగరడం, అన్నీ ఒకేసారి చెబితే పిల్లాడి బుర్ర డ్రిబుల్ దగ్గరే ఆగిపోతుంది, కాలు తప్పు పడుతుంది. అందుకని వెనక నుంచి ముందుకు నేర్పండి. మొదట డ్రిబుల్ లేదు. రింగుకు కుడివైపు, ఒక అడుగు దూరంలో బంతి పట్టుకుని నిలబడాలి. ఎడమపాదం ముందుకు, కుడిమోకాలు పైకి, బోర్డు మీది చదరం పైమూలకు బంతి. కుడిమోకాలికీ కుడిమోచేతికీ ఒకే దారం కట్టి పైకి లాగినట్టు ఉండాలి. పదింట ఏడు పడ్డాక ఇంకో అడుగు వెనక్కి: కుడి, ఎడమ, ఎగురు. అదీ కుదిరాకే ఒక్క డ్రిబుల్ చేర్చండి. రింగు దగ్గర నలుగురే ఉండేలా చూడండి. మిగతావాళ్ళు రింగు లేకుండా గోడ మీద సుద్దగుర్తుకు ఇవే అడుగులు వెయ్యొచ్చు. 2017లో ఫిబా (అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య) నియమాల్లోకి వచ్చిన ‘జీరో స్టెప్’ (పరుగులో బంతి అందుకునేటప్పుడు నేల మీదున్న పాదాన్ని అడుగుగా లెక్కపెట్టకపోవడం) గురించి పెద్దపిల్లలు అడుగుతారు. కాళ్ళు కుదిరేదాకా ఆ పేరే ఎత్తకండి.

అరవడం మానడానికి ఒక కొలత: ఏ సూచనైనా ఇరవై సెకన్లలో ముగియాలి, ఒక్కసారికి ఒక్క తప్పే దిద్దాలి. బాగా ఆడిన కోచ్‌లు చేసే పొరపాటు ఇంకోటుంది. చూపిస్తానని బంతి తీసుకుని తామే పదిసార్లు వేస్తారు. రెండుసార్లు చూపించి బంతి ఇచ్చెయ్యండి. ఫ్రీ త్రోలు కూడా వరసగా ఇరవై వేయించవద్దు. మ్యాచ్‌లో ఎక్కువగా వచ్చేవి రెండే, అదీ రొప్పుతున్నప్పుడు. కోర్టు ఒక చుట్టు పరిగెత్తి వచ్చి రెండు, మళ్ళీ చుట్టు. ఫ్రీ త్రో గీత బోర్డు నుంచి 4.6 మీటర్లు. అందని పిల్లలు ఒక అడుగు ముందుకు జరిగి వేసినా ఆకాశం విరిగి పడదు.

ప్రశ్న: మా అమ్మాయికి తొమ్మిదేళ్ళు. సెలవుల క్యాంపులో చేర్పించాం. అందరికీ ఒకే బంతి, ఒకే రింగు. వారమైనా బంతి రింగుకు తాకలేదు. ఇంటికొచ్చి ఏడుస్తోంది. మాన్పించమంటారా? (అన్నానగర్ పాఠకురాలు)

జవాబు: అమ్మాయిని కాదమ్మా, బంతిని మార్పించండి. పెద్ద మగవాళ్ళ బంతి 7వ నంబరు, 580 నుంచి 620 గ్రాములు. 12 ఏళ్ళ లోపు పిల్లలకు 5వ నంబరు, 470 నుంచి 500 గ్రాములు. ఆడవాళ్ళ ఆటకు పెద్దయ్యాక కూడా 6వ నంబరే. నంబరు బంతి మీదే అచ్చువేసి ఉంటుంది, చూడండి. రింగు ఎత్తు పెద్దవాళ్ళకు 3.05 మీటర్లు, మినీ బాస్కెట్‌బాల్‌లో 2.60. దించే వీలు లేకపోతే గోడ మీద గుర్తు పెట్టినా సరే.

బరువు బంతితో ఎత్తు రింగుకు వేస్తే పిల్ల బంతిని నడుం దగ్గరికి దించి రెండు చేతులతో విసురుతుంది. ఒక్కోసారి రింగుకు తాకుతుంది కూడా, అందరూ చప్పట్లు కొడతారు. ఆ విసురు అలవాటైపోయాక వదిలించడం కోచ్‌కి పెద్ద తలనొప్పి.

ఆట తెలియకపోయినా మీరు కనిపెట్టగలిగేది ఒకటుంది. గాలిలో బంతి మీది గీతలు చూడండి. బంతి తిన్నగా వెనక్కి తిరుగుతూ పోతే సరి. బొంగరంలా పక్కకు తిరిగితే ఎడమ బొటనవేలు తోస్తోందని అర్థం. ఆ చెయ్యి ఆసరాకే. ఇంట్లో చాప మీద వెల్లకిలా పడుకుని, ఒంటిచేత్తో బంతిని నిట్టనిలువుగా ఎగరేసి పట్టుకోమనండి, ఇరవైసార్లు. తిన్నగా వేస్తే తిరిగి చేతిలోకే వస్తుంది, లేకపోతే ముక్కు మీదికి. మొదట్లో మెత్తటి బంతి ఇవ్వండి.

ప్రశ్న: చెన్నైలో బాస్కెట్‌బాల్‌కి ఇంత ఆదరణ ఎందుకు? (పెరంబూర్ పాఠకుడు)

జవాబు: కారణాల్లో ఒకటి వై.ఎం.సి.ఏ. 1891లో జేమ్స్ నైస్మిత్ ఈ ఆటను తయారుచేసింది అమెరికాలో స్ప్రింగ్‌ఫీల్డ్‌లోని వై.ఎం.సి.ఏ. శిక్షణ కేంద్రంలో. హ్యారీ క్రో బక్ 1920లో మద్రాసులో మొదలుపెట్టిన వ్యాయామ విద్య కళాశాల, ఇప్పుడు నందనంలో ఉన్నది, అదే వై.ఎం.సి.ఏ.ది. అక్కడ చదివిన డ్రిల్లు మాస్టార్లు ఆటను స్కూళ్ళకు తీసుకెళ్ళారు.

ప్రశ్న: మా జట్టు కుర్రాడు రీబౌండ్‌కి (రింగుకు తగిలి తిరిగొచ్చే బంతికి) ఎగిరి ఇంకొకరి పాదం మీద దిగాడు. చీలమండ బెణికింది. వారంలో మ్యాచ్ ఉంది. కట్టు కట్టి ఆడించవచ్చా? (వేలచ్చేరి పాఠకుడు)

జవాబు: ముందు రెండు పరీక్షలు. నాలుగడుగులు వెయ్యలేకపోయినా, చీలమండకు అటూ ఇటూ ఉన్న ఎముకల వెనక అంచు నొక్కితే నొప్పి పుట్టినా ఎక్స్‌రే తీయించాలి. పుత్తూరు కట్టు కట్టించాలనుకునేవాళ్ళు కూడా ఎక్స్‌రే చూసుకున్నాకే వెళ్ళండి. లాగడం, రుద్ది ‘సరిచెయ్యడం’ వద్దు. మొదటి రెండు రోజులు గుడ్డలో చుట్టిన ఐసు పదిహేను నిమిషాలేసి, ఎలాస్టిక్ కట్టు, కాలు ఎత్తులో.

వారమా రెండు వారాలా అన్నది క్యాలెండరు చెప్పదు. ఆ ఒంటికాలి మీద పదిసార్లు గెంతాలి, కళ్ళు మూసుకుని ఇరవై సెకన్లు నిలబడాలి, పరుగులో ఒక్కసారిగా దిశ మార్చాలి. ఎక్కడా కుంటకూడదు. అందులో ఒకటి చేతకాకపోయినా బెంచీ మీదే. కట్టు నొప్పిని దాస్తుంది గానీ పట్టు తేలేదు. ఒకసారి బెణికిన చీలమండ మళ్ళీ బెణకడం సులభం. అందుకే తగ్గాక కూడా పళ్ళు తోముకునేటప్పుడు ఒంటికాలి మీద నిలబడమనండి.

ప్రశ్న: ఒక అపార్ట్‌మెంటువాళ్ళు పిల్లలకు నేర్పమన్నారు. నోటిమాటే. ఏం రాసుకోవాలి? (వలసరవాక్కం పాఠకుడు)

జవాబు: ఒక పేజీ చాలు. వారానికి ఎన్ని రోజులు, బ్యాచ్‌కి గరిష్ఠంగా ఎంతమంది, బంతులు ఎవరు కొనాలి, ఫీజు ఏ తేదీకి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాన వల్ల పోయే రోజుల సంగతి తప్పకుండా రాయండి. గొడవంతా అక్కడే వస్తుంది. పోయిన క్లాసు మళ్ళీ పెడతారా, ఫీజు తగ్గిస్తారా, ముందే తేల్చుకోవాలి. వాన లేకపోయినా డిసెంబరులో తెల్లవారి ఆరింటికి సిమెంటు నేల మంచుతో జారుతుంది. అరచెయ్యి నేలకు ఆనించి చూడండి, తడి తగిలితే గుడ్డతో తుడిపించాకే పరుగు. ఏప్రిల్, మేల్లో సాయంత్రం ఐదుకు ముందు వద్దు. పావుగంటకోసారి నీళ్ళు.

బ్యాచ్‌లో ఆడపిల్లలుంటే ఇంకొక పెద్దమనిషి, వీలైతే ఒక తల్లి, కోర్టు దగ్గర ఉండాలని అందులోనే రాయండి. పిల్లల్ని ఒంటరిగా బండి మీద దింపడం, వాళ్ళతో విడిగా మెసేజీలు పెట్టుకోవడం వద్దు. సమాచారమంతా తల్లిదండ్రుల గ్రూపులోనే. పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిస్తే పోలీసులకు చెప్పి తీరాలని 2012 నాటి పోక్సో చట్టం అంటుంది, కోచ్‌కీ అది వర్తిస్తుంది. చివరగా రింగు బోల్టులు. సముద్రపు గాలికి చెన్నైలో అవి త్వరగా తుప్పు పడతాయి. నెలకోసారి స్పానరుతో బిగించి చూసే బాధ్యత ఎవరిదో ఆ పేజీలోనే ఉండాలి.