పునీత జార్జి: చరిత్ర ఎంత, కథ ఎంత?

చిత్రాల్లో గుర్రం మీదినుంచి ఘటసర్పాన్ని (డ్రాగన్‌ను) ఈటెతో పొడుస్తూ కనిపించే క్రైస్తవ పునీతుడు జార్జి నిజంగా జీవించాడా అన్న ప్రశ్నకు, ఆ వ్యక్తినీ ఆ సర్పాన్నీ విడదీసి చూస్తేనే సరైన సమాధానం దొరుకుతుంది.

సర్పం సంగతి త్వరగానే తేలిపోతుంది. జార్జి పేరిట ఆ కథ 11వ శతాబ్దానికి ముందరి గ్రంథాల్లో కనిపించదు. ఆయన మరణించాడని చెప్పే 4వ శతాబ్దారంభానికీ దానికీ దాదాపు 700 ఏళ్ల ఎడం ఉంది.

వ్యక్తి విషయంలో మాత్రం తొందరపడకూడదు. ఆయన హతసాక్ష్యం, అంటే విశ్వాసం కోసం ప్రాణమివ్వడం, గురించిన తొలి గాథలో దాదియానుస్ అనే రాజు ఆయనను ఏళ్ల తరబడి చిత్రహింసలు పెట్టిస్తాడు, ఆయన పలుమార్లు చనిపోయి మళ్లీ లేస్తాడు. రోమును ఏలిన చక్రవర్తుల్లో ఆ పేరుగలవాడు లేడు. ఈ గాథను మొదట శంకించింది ఆధునిక హేతువాదులు కాదు, క్రైస్తవ సంఘమే: గెలాసియస్ పోపు పేరుతో చలామణీ అయిన, 6వ శతాబ్దానికి చెందినదిగా పండితులు భావించే, ఆమోదయోగ్యమైన, కాని గ్రంథాల పట్టిక, ఈ గాథ సంఘబోధకు విరుద్ధమైన మతాభిప్రాయాలు గలవారి రచన అనే అభిప్రాయాన్ని ప్రస్తావిస్తూ, రోము సంఘంలో ఇటువంటివి చదవరని చెబుతూనే, హతసాక్షులను మాత్రం భక్తితో గౌరవిస్తామంటుంది. గాథను కాదన్నంత మాత్రాన మనిషిని కాదన్నట్టు కాదనే ఈ వివేకం నాకు ఎంతో విలువైనదిగా తోస్తుంది.

మనిషికి ఆధారం వేరేచోట ఉంది. 6వ శతాబ్దారంభంలో పవిత్ర భూమిని వర్ణించిన థియోడోసియస్ అనే రచయిత, పాలస్తీనాలోని లిద్దాలో, అంటే నేటి ఇజ్రాయెల్‌లోని లోద్‌లో, జార్జి హతసాక్షి అయ్యాడనీ ఆయన దేహం అక్కడే ఉందనీ రాశాడు. సమాధి ఉన్న ఊరు, ఏటా స్మరించే తిథి స్థానిక సంఘం జ్ఞాపకంలో నిలిచే విషయాలు కనుక, అద్భుతాలతో నిండిన జీవితచరిత్ర కంటే వాటినే చరిత్రకారులు ఎక్కువగా నమ్ముతారు. ఆ లెక్కన లిద్దాలో జార్జి అనే హతసాక్షి ఉండి ఉండటం చాలావరకు సంభవమే; ఆయన సైనిక హోదా, తల్లిదండ్రులు, న్యాయవిచారణలో పలికిన మాటలు మాత్రం తర్వాతి రచయితలు చేర్చినవిగానే చూడాలి.