ఎమ్మెస్సీకి సాయిల్ సైన్సా, అగ్రానమీయా, బ్రీడింగా? గుణుపురం నుంచి ఒక జవాబు

ప్రశ్న: "మాది పర్లాకిమిడి దగ్గర పల్లె. బీఎస్సీ అగ్రికల్చర్ చివరి ఏడాదిలో ఉన్నాను. ఎమ్మెస్సీకి అగ్రానమీ, సాయిల్ సైన్స్, ప్లాంట్ బ్రీడింగ్‌లలో ఏది తీసుకుంటే మంచిది? ఇంట్లో బ్యాంకు పరీక్షలు రాసుకోమంటున్నారు. చదివినవాళ్ళు చెప్పండి."

తమ్ముడూ, మాది గుణుపురం. వంశధార పక్కన కొంచెం పల్లం, ఊరి పైన రెండెకరాల గరువు, అంటే మెట్ట నేల, ఉన్నాయి. 2017 నుంచి 2019 దాకా భువనేశ్వర్‌లో సాయిల్ సైన్స్‌లో ఎమ్మెస్సీ చేశాను. నీ ప్రశ్నే అప్పట్లో నాదీ. అందుకే అక్కలా కాస్త వివరంగా చెబుతాను.

ముందు బ్యాంకు మాట తేల్చేద్దాం. ఐబీపీఎస్ వ్యవసాయ అధికారి పరీక్షకు నీ బీఎస్సీ చాలు. నీ మనసు నిజంగా అటే ఉంటే ఈ ఏడే రాయి, దానికోసం ఎమ్మెస్సీలో రెండేళ్ళు పెట్టక్కర్లేదు. కృషి విజ్ఞాన కేంద్రంలో సబ్జెక్ట్ నిపుణుడి ఉద్యోగానికి మాత్రం పీజీ ఉండాలి. బోధన, పరిశోధన వైపు వెళ్ళాలన్నా అంతే.

ఇక ఏ సబ్జెక్టు అన్నది. దేనికి ఎన్ని ఉద్యోగాలున్నాయో లెక్కపెట్టి ఎంచుకుంటే టెన్షన్ తప్ప ఏమీ మిగలదు, ఆ లెక్క ఏటా మారుతుంది. రెండేళ్ళ పాటు పొద్దున లేచి ఏ పని చేయగలవో చూసుకో. వరిలో సంకరం చేయాలంటే పువ్వు విచ్చుకోకముందే చిన్న గింజలాంటి దాని కొన కత్తిరించి, లోపలున్న ఆరు కేసరాలూ తీసెయ్యాలి, ఆడ భాగానికి గీత పడకూడదు. అది బ్రీడింగ్. చేతికి నిదానం ఉన్నవాళ్ళకి హాయిగా ఉంటుంది. అగ్రానమీలో, అంటే పంటల సాగు శాస్త్రంలో, కలుపు లెక్క, మొక్క ఎత్తు, గింజ తూకం, కోతల దాకా పొలాన్ని వదిలి కదలడానికి ఉండదు. సాయిల్ సైన్స్‌లో సగం పొలం, సగం ల్యాబ్.

ఆ ల్యాబ్ సగం ఎలా ఉంటుందో ఒకటి చెబుతాను. మట్టిలో సేంద్రియ కర్బనం కొలిచేటప్పుడు డైక్రోమేట్ పోసిన ఫ్లాస్కులో గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం పోస్తాం. గాజు పట్టుకోలేనంత వేడెక్కుతుంది. అరగంట ఆగి సూచిక చుక్కలు వేసి బ్యూరెట్ కింద పెడితే ముదురు ఊదా రంగు. చుక్క చుక్కకీ నీలంగా తేలుతూ వచ్చి, ఒక్క చుక్కకి పచ్చగా తిరుగుతుంది. ఆ చుక్క దాటిపోయిందంటే ఆ నమూనా మళ్ళీ మొదటి నుంచి చేయాల్సిందే. రోజుకి ఇరవై ఫ్లాస్కులు. నాకది విసుగనిపించలేదు. అప్పుడే తెలిసింది ఇది నా సబ్జెక్టని.

నేను ఈ దారిలోకి రావడానికి అసలు కారణం మా నాన్న తెచ్చిన ఒక కార్డు. 2015లో మొదలైన భూసార కార్డుల్లో పీహెచ్ (నేల ఆమ్లమో క్షారమో చెప్పే అంకె), లవణాలు, సేంద్రియ కర్బనం, పోషకాలు అన్నీ కలిపి 12 అంశాలు ఇస్తారు. మంచి పథకమే. కానీ ప్రతి రైతు పొలంలోనూ మట్టి తియ్యరు. అప్పటి పద్ధతి ప్రకారం నీరున్న చోట రెండున్నర హెక్టార్లకి ఒకటి, వర్షాధారమైతే పది హెక్టార్లకి ఒకటి. మా గరువుకి వచ్చిన కార్డులో అంకెలు కింద పల్లంలోని వరి మడివి. నాన్న దాన్ని నమ్మి ఎరువు వేశారు, కంది నిలదొక్కుకోలేదు. మన కొండల్లో నాలుగడుగులు దిగితే నేల మారిపోతుంది. పైన ఎర్ర గరువు, కింద నల్లగా నీరు నిలిచే జోలా భూమి. రెండింటికీ ఒకే అంకె పెడితే ఎలా?

మన ఎర్ర నేలలు చాలా చోట్ల ఆమ్ల నేలలు. పీహెచ్ అయిదున్నర కిందకి దిగితే మట్టిలో అల్యూమినియం కరిగి వేరు కొసల్ని కురచ చేసేస్తుంది. వేసిన భాస్వరం ఇనుముతో, అల్యూమినియంతో కలిసిపోయి మొక్కకి అందదు. సూపర్ ఫాస్ఫేట్ బస్తాలు గుమ్మరించినా ఆకు ఊదా రంగుకి తిరుగుతుందంటే కారణం ఇదే కావచ్చు. భాస్వరం కొలిచే పద్ధతి కూడా నేలని బట్టి మారుతుంది. ఆమ్ల నేలకి బ్రే పద్ధతి, తటస్థ, క్షార నేలలకి ఓల్సెన్ పద్ధతి. తప్పు పద్ధతిలో వచ్చిన అంకె చూడ్డానికి చక్కగానే ఉంటుంది, దాంతో ఎరువు నిర్ణయిస్తే రైతు డబ్బు మట్టిపాలు. ఈ ఒక్క సంగతి రైతులకి చెప్పగలిగినా చదివిన చదువుకి న్యాయం జరిగినట్టే అనుకుంటాను.

నా థీసిస్ దీనిమీదే. రాయగడ పక్కన జేకేపూర్‌లో పెద్ద కాగితం మిల్లు ఉంది కదా. కాగితం మిల్లుల నుంచి వచ్చే సున్నపు మడ్డిని ఒడిశాలో ఆమ్ల నేలలకి సున్నంగా వాడతారు. అది కంది సాళ్ళలో ఎంత వేస్తే చాలు అన్నది నా ప్రశ్న. 2018 ఖరీఫ్‌లో మా గరువులోనే 24 మళ్ళు వేశాను. అక్టోబర్ 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. తెల్లారి వెళ్ళి చూస్తే పూతకొచ్చిన కంది మొత్తం నేలకి పరుచుకుపోయింది. మళ్ళకి కట్టిన తాళ్ళు, పాతిన కర్రలు ఎక్కడివక్కడ లేవు. నాన్న గట్టుమీద కూర్చుని ఏమీ మాట్లాడలేదు. నేను ఏడ్చాను.

మా గైడ్ ఫోన్‌లో ఒకటే అడిగారు: "విత్తే ముందు తీసిన మట్టి ఉందా?" ఉంది. మళ్ళ వారీగా సంచుల్లో ఆరబెట్టి దాచాను. ఆ మట్టిని రైల్లో మోసుకెళ్ళి, వేర్వేరు మోతాదుల్లో మడ్డి కలిపి, తేమ తగ్గకుండా ల్యాబ్‌లో 90 రోజులు ఉంచాం. పీహెచ్ ఎలా పెరిగింది, అల్యూమినియం ఎలా తగ్గింది అన్నది వారం వారం కొలిచాను. దిగుబడి అంకెలు లేకుండానే థీసిస్ నిలబడింది. 70 క్రెడిట్లలో 30 థీసిస్‌వే కాబట్టి, ఎమ్మెస్సీ అంటే దాదాపు సగం నీ ప్రశ్న, నీ గైడే అనుకో. కాలేజీ పేరు కన్నా ముందు గైడ్ గురించి సీనియర్లని అడుగు. రాసిచ్చిన అధ్యాయం ఎన్నాళ్ళకి దిద్ది ఇస్తారు, పొలానికి వస్తారా, విద్యార్థి తప్పు చేస్తే ఎలా మాట్లాడతారు. నాతో చదివిన అమ్మాయికి ఒక అధ్యాయం నాలుగు నెలలకి తిరిగొచ్చింది. ఆ పిల్ల పడ్డ బాధ కళ్ళారా చూశాను.

ప్రవేశ పరీక్ష సంగతి. ఐసీఏఆర్ (భారత వ్యవసాయ పరిశోధన మండలి) పీజీ పరీక్షలో గ్రూపు దరఖాస్తులోనే ఎంచుకోవాలి. సాయిల్ సైన్స్ ఫిజికల్ సైన్స్ గ్రూపులోకి వస్తుంది, బ్రీడింగ్ ప్లాంట్ సైన్సెస్‌లోకి, అగ్రానమీకి వేరే గ్రూపు. 120 ప్రశ్నలు, రెండు గంటలు, తప్పుకి ఒక మార్కు కోత. మంచి ర్యాంకు వస్తే ఫెలోషిప్, సొంత రాష్ట్రం బయట సీటొస్తే వేరే స్కాలర్‌షిప్ ఉన్నాయి, ఆ ఏటి ప్రకటన చదువుకో. భువనేశ్వర్ కాక గుంటూరు దగ్గర లాం, హైదరాబాద్‌లో రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయాలు కూడా పెట్టుకో.

బ్రీడింగ్ మీద మనసుంటే మాత్రం మనకంటే అదృష్టవంతులు లేరు. మన పక్క జయపురం ప్రాంతం వరి వైవిధ్యానికి పెట్టింది పేరు. కొరాపుట్ సంప్రదాయ వ్యవసాయాన్ని 2012లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ఎఫ్ఏఓ ప్రపంచ వ్యవసాయ వారసత్వంగా గుర్తించింది. దేశవాళీ వరి విత్తనాలు కాపాడిన కమలా పూజారి గారికి 2019లో పద్మశ్రీ వచ్చింది. ఆ వంగడాల మీద పనిచేయాల్సింది ఎంతో ఉంది. మనం ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా, కొండ మీద నాలుగు సవర మాటలు మాట్లాడేవాళ్ళం. అలా విత్తనాలు కాపాడే అమ్మల దగ్గర కూర్చుని ఏ విత్తనం ఏ నేలకో అడిగి రాసుకోగలిగేది మనమే.

సెలవులకి ఇంటికెళ్ళినప్పుడు మీ గరువులో ఒక నమూనా తియ్యి. గట్టు, చెట్టు నీడ, పెంటకుప్ప వదిలేసి వంకర టింకరగా నడుస్తూ పది పదిహేను చోట్ల పైచెత్త గీకి, 15 సెంటీమీటర్ల లోతు దాకా గుంట తవ్వి పక్క గోడ నుంచి పలుచగా మట్టి కోయి. ప్లాస్టిక్ బకెట్లో కలిపి నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు రెండు పారేస్తూ అరకిలో మిగిల్చు. నీడలో ఆరబెట్టు. యూరియా సంచి వాడకు, కడిగినా సరే. మొదటి ఏడాది నేను అలా తెచ్చిన నమూనాల్లో నత్రజని అంకెలన్నీ పాడై, 40 చోట్లా మళ్ళీ తవ్వుకొచ్చాను. సంచిలో వేసే చీటీ పెన్సిల్‌తో రాయి, తడిసినా చెరగదు.