మీ ప్రశ్న, నా జవాబు: భుజానికి బరువు కాని ఎయిర్ రైఫిల్

ప్రశ్న: లైసెన్సు తీసుకుని కుందేళ్ళను వేటాడతాను. రోజంతా నడక. ఇప్పుడున్న స్ప్రింగ్ గన్ స్కోపుతో కలిపి నాలుగున్నర కిలోలు దాటుతోంది. ఏడాది కిందట భుజానికి దెబ్బ తగిలింది, అప్పటినుంచి మోయలేకపోతున్నాను. మూడు కిలోల లోపు బరువుతో, సెకనుకు 1,200 అడుగుల వేగం అని రాసిన స్ప్రింగ్ రైఫిల్ ఒకటి చూశాను. ధర కూడా నాకు అందేలా ఉంది. కొనమంటారా? గుండు వ్యాసం .177 అంగుళాలు మంచిదా, .22 మంచిదా?

జవాబు: ఆ గన్ మాత్రం కొనకండి. పెట్టె మీద 1,200 అని రాసి ఉండటమే నా మొదటి అభ్యంతరం. అలాంటి అంకెలు సాధారణంగా సీసం పెల్లెట్‌తో, అంటే ఎయిర్‌గన్‌లో వేసే సీసం గుండుతో వచ్చినవి కావు. అన్నిటికన్నా తేలికైన మిశ్రమ లోహపు పెల్లెట్ వేసి కొలిచినవి. వేటలో వాడే సీసం పెల్లెట్ వేయగానే ఆ వేగం బాగా పడిపోతుంది. ఒకవేళ నిజంగానే అంత వేగం వచ్చినా మనకు పనికిరాదు. మామూలు వాతావరణంలో ధ్వని వేగం సెకనుకు దాదాపు 1,125 అడుగులు. నడుము సన్నగా ఉండే మన పెల్లెట్ ఆ వేగం దగ్గరికి వచ్చిందంటే గాలిలో తడబడుతుంది, గురి చెదురుతుంది. కుందేలు తలకు గురిపెట్టినవాడికి కావలసింది ఇది కాదు కదా.

రెండో అభ్యంతరం ఇంకా ముఖ్యమైనది. స్ప్రింగ్ గన్‌లో ట్రిగ్గర్ నొక్కగానే, స్ప్రింగ్ తోసిన బరువైన పిస్టన్ గాలిని నొక్కుతూ ముందుకు దూకుతుంది, గన్ వెనక్కి తంతుంది. పిస్టన్ సిలిండర్ చివర ఆగేసరికి గన్ మళ్ళీ ముందుకు తోసుకుపోతుంది. ఇదంతా పెల్లెట్ ఇంకా బ్యారెల్‌లో ఉండగానే మొదలవుతుంది. గన్ బరువుగా ఉంటే ఈ కుదుపును కొంతవరకు మింగేస్తుంది. మూడు కిలోల లోపు గన్‌లో పెద్ద స్ప్రింగ్ బిగిస్తే ఆ కుదుపంతా మీ చేతుల్లోకీ, గురిలోకీ వస్తుంది. అలాంటి గన్‌తో బాగా కొట్టేవాళ్ళు లేకపోలేదు. వాళ్ళు చాలా సాధన చేసినవాళ్ళు, పైగా భుజం నొప్పి లేనివాళ్ళు. లాగి లోడ్ చేయడం కూడా చూసుకోవాలి. పెద్ద స్ప్రింగ్ గన్‌లలో బ్యారెల్‌ను కీలు దగ్గర వంచి స్ప్రింగ్‌ను బిగించడానికి ఇరవై కిలోల దాకా బలం పెట్టాల్సి వస్తుంది. బరువు తగ్గించుకోవడానికి గన్ కొని, ప్రతి గుండుకూ భుజాన్ని శిక్షించుకోవడం నాకు నచ్చదు.

అందుకే నా సలహా ఇది: బరువుతోపాటు శక్తినీ తగ్గించుకోండి, దానికి తగ్గట్టు దూరాన్నీ తగ్గించుకోండి. వేగం గురించి కాకుండా జూళ్ళ గురించి, అంటే పెల్లెట్ శక్తి గురించి అడగండి. .22 లో 0.93 గ్రాముల సీసం పెల్లెట్ సెకనుకు 180 మీటర్ల వేగంతో వెళ్తే దాదాపు 15 జూళ్ళు. పాతిక మీటర్ల లోపు, తలకు సరిగ్గా తగిలితే, కుందేలుకు ఇది చాలు. తలకు కాకుండా ఇంకెక్కడో తగిలితే ముప్పై జూళ్ళ గన్ అయినా ఆ జీవి బాధను తప్పించలేదు.

మీకు సరిపోయే గన్‌లు ఉన్నాయి. వైరాఖ్ కంపెనీ హెచ్‌డబ్ల్యూ 30 ఎస్ బరువు దాదాపు రెండున్నర కిలోలే. వంచడం సులువు, ట్రిగ్గర్ చాలా బాగుంటుంది. కానీ దాని శక్తి పది జూళ్ళకు అటూ ఇటూగానే ఉంటుంది. పదిహేను ఇరవై మీటర్లలోకి చేరగలిగిన ఓపిక ఉన్నవాడికే దాన్ని చెప్తాను. అదే కంపెనీ హెచ్‌డబ్ల్యూ 50 ఎస్ మూడు కిలోలు కాస్త దాటుతుంది, శక్తి ఎక్కువ. మీకు నేనైతే దీనివైపే మొగ్గుతాను. ఇలాంటి గన్ కొత్తది కొనే స్తోమత లేకపోతే, పేరు లేని కొత్త గన్ కన్నా మంచి కంపెనీ పాత గన్ మేలు. స్ప్రింగ్, సీల్ అరిగిపోతే మార్చుకోవచ్చు. వంగిన బ్యారెల్, కీలు దగ్గర ఊగే బ్యారెల్ మాత్రం వదిలేయండి. మూసిన బ్యారెల్‌ను పక్కలకు కదిపి చూడండి, వెంట్రుకంత కూడా ఆడకూడదు. కాల్చినప్పుడు పొగ, కాలిన నూనె వాసన వరసగా వస్తుంటే ఎవరో లోపల నూనె పోశారని అర్థం.

పంపు కొట్టే గన్‌ల గురించి మీరు అడగలేదు. అయినా బడ్జెట్ అన్నారు కాబట్టి చెప్పాలి. బెంజమిన్ 392 లాంటి మల్టీ పంప్ రైఫిల్ దాదాపు రెండున్నర కిలోలు ఉంటుంది, కుదుపు దాదాపు ఉండదు, దాని ఎనిమిది పంపులూ కొడితే కుందేలుకు సరిపడా శక్తి వస్తుంది. తేలికగా, చౌకగా, కచ్చితంగా కొట్టే గన్ కావాలని ఆరోగ్యమైన భుజాలున్నవాళ్ళెవరైనా అడిగితే మొదట దీన్నే చూపిస్తాను. మీ విషయంలో వెనకాడుతున్నాను. చివరి పంపులు గట్టిగా ఉంటాయి. పైగా మొదటి గుండు సరిగ్గా తగలకపోతే, రెండో గుండు కోసం మళ్ళీ ఎనిమిది సార్లు కొట్టేలోపు దెబ్బతిన్న జంతువు పొదల్లోకి వెళ్ళిపోతుంది.

పీసీపీ గన్‌లలో, అంటే ఎక్కువ ఒత్తిడితో గాలిని ముందే నింపి పెట్టుకునే గన్‌లలో, రెండున్నర కిలోలకే మంచి శక్తి దొరుకుతుంది, కుదుపు కూడా ఉండదు. ఖర్చు మాత్రం గన్‌తో ఆగదు. 200 బార్ ఒత్తిడి దాకా గాలి నింపడానికి చేతి పంపో, సిలిండరో, కంప్రెసరో కావాలి. చేతి పంపు మీ భుజానికి మళ్ళీ అదే పని పెడుతుంది. గాలి నింపే ఏర్పాటు ఇంతకుముందే ఉంటే తప్ప, బడ్జెట్‌లో పీసీపీ అనే మాట నమ్మకండి. కార్బన్ డయాక్సైడ్ గుళికలతో నడిచే గన్‌లు చలిలో శక్తి కోల్పోతాయి కాబట్టి వేటకు నేను చెప్పను.

ఇక .177, .22 సంగతి. 15 జూళ్ళ గన్‌లో .177 పెల్లెట్ బరువు 0.55 గ్రాములైతే సెకనుకు 230 మీటర్ల పైచిలుకు వేగం వస్తుంది. అంటే అది .22 కన్నా తిన్నగా వెళ్తుంది, దూరం అంచనాలో చిన్న తేడా వచ్చినా క్షమిస్తుంది. .22 మెల్లగా వెళ్తుంది, పెద్ద గాయం చేస్తుంది, చలికి బిగుసుకున్న వేళ్ళతో లోడ్ చేయడమూ సులువు. పది జూళ్ళ గన్ కొంటే .177 తీసుకోండి, .22 అంత తక్కువ శక్తితో మరీ వంపుగా పోతుంది. పదిహేను జూళ్ళయితే కుందేళ్ళకు .22 అంటాను. అయితే పాతిక మీటర్లకు గురి సరిచేసిన .22, స్కోపు ఎత్తును బట్టి, ముప్పై ఐదు మీటర్ల దగ్గర ఐదారు సెంటీమీటర్లు కిందికి తగులుతుంది. కుందేలు తలలో మనం కొట్టాల్సిన చోటు మూడు సెంటీమీటర్లకు మించదు. దూరం అంచనా వేయడం రాకపోతే .22 వల్ల లాభం లేదు.

మీ హద్దు ఎంతో కాగితమే చెప్తుంది. మూడు సెంటీమీటర్ల వృత్తాలు గీసి, బల్ల మీద గన్ ఆనించి కాకుండా, వేటలో ఎలా కూర్చుంటారో, ఎలా మోకాలి మీద ఉంటారో అలాగే కాల్చండి. కాస్త నడిచి ఊపిరి ఎగపోసుకుంటూ కూడా కాల్చండి. ఐదుకు ఐదూ వృత్తంలో పడే దూరం ఎంతో, మీ వేట అంతే. అది పద్దెనిమిది మీటర్లయితే పద్దెనిమిదే. స్ప్రింగ్ గన్‌ను గట్టిగా పట్టుకోకండి. ముందు చేతిని తెరిచి అరచేతి మీద గన్‌ను ఊరికే ఆననివ్వండి, కుదిపినట్టు కుదపనివ్వండి. ప్రతిసారీ అదే చోట ఆనాలి, అంతే. దీన్నే ఆర్టిలరీ హోల్డ్ అంటారు. తేలికైన గన్‌కు ఇది ఇంకా అవసరం.

బరువు లెక్కలో స్కోపును మరవకండి. పెద్ద జూమ్ స్కోపు, దాన్ని గన్‌కు బిగించే మౌంట్లు కలిసి ముప్పావు కిలో దాకా తూగుతాయి. మీరు వేటాడే దూరానికి నాలుగు రెట్లు పెద్దగా చూపే చిన్న 4x32 స్కోపు చాలు, ఇనుప గురి ఇంకా మంచిది. గన్ ఎక్కడ బరువుగా ఉందో కూడా చూడండి. మూతి దగ్గర బరువున్న మూడు కిలోల గన్, చేతి దగ్గర బరువున్న మూడున్నర కిలోల గన్ కన్నా తొందరగా అలసట తెస్తుంది. కొనేముందు గురిపెట్టి రెండు నిమిషాలు పట్టుకుని చూడండి. దుకాణంలో నొప్పి పుడితే బయట ఇంకా ఎక్కువ పుడుతుంది. పొట్టి బ్యారెల్ తేలిక అని ఆశపడకండి. స్ప్రింగ్ గన్ దానివల్ల పెద్దగా వేగం కోల్పోదు, నిజమే. కానీ వంచే గన్‌లో ఆ బ్యారెలే మీటలాంటిది, పొట్టిదైన కొద్దీ ఎక్కువ బలం పెట్టాలి. మిగిలిన డబ్బు పెల్లెట్ల మీద పెట్టండి. గుండ్రటి తల ఉన్నవి మూడు నాలుగు రకాలు తెచ్చి మీ బ్యారెల్‌కు ఏది పడుతుందో కాల్చి తెలుసుకోండి. ఒకే మోడల్ గన్‌లు రెండు కూడా వేర్వేరు పెల్లెట్లను ఇష్టపడతాయి.

లైసెన్సు ఉందన్నారు, సంతోషం. గన్ మారుతోంది కాబట్టి శక్తి పరిమితి మళ్ళీ చూసుకోండి. ఇంగ్లండ్, వేల్స్‌లలో ఎయిర్ రైఫిల్ 12 అడుగు పౌండ్లు, అంటే దాదాపు 16 జూళ్ళు దాటితే ఫైర్‌ఆర్మ్ సర్టిఫికెట్ కావాలి. జర్మనీలో 7.5 జూళ్ళు దాటితేనే అనుమతి తప్పనిసరి. అడవి జంతువుల వేట నిషిద్ధమైన దేశాలూ ఉన్నాయి, భారతదేశం వాటిలో ఒకటి. అక్కడున్న పాఠకులు ఈ జవాబును కాగితం మీద గురి సాధనకే వాడుకోవాలి.

ప్రశ్న: నా స్ప్రింగ్ గన్ మీద పెట్టిన స్కోపు కొద్ది నెలల్లోనే పాడైంది. అదే స్కోపు పెద్ద తుపాకీ మీద ఏళ్ళ తరబడి బాగానే పనిచేసింది. పెద్ద తుపాకీ దెబ్బను తట్టుకున్నది ఎయిర్‌గన్‌ను ఎందుకు తట్టుకోలేదు?

జవాబు: పెద్ద తుపాకీ ఒకవైపే తంతుంది. మామూలు స్కోపు లోపలి భాగాలను ఆ ఒక్కవైపు దెబ్బకే బిగిస్తారు. స్ప్రింగ్ గన్ ముందుకూ వెనక్కూ రెండువైపులా కుదుపుతుంది, ముందుకు తోసే కుదుపే వాటిని వదులు చేస్తుంది. ఎయిర్‌గన్‌కు పనికొస్తుందని తయారీదారు స్పష్టంగా రాసిన స్కోపే కొనండి. పది మీటర్ల దగ్గర్నుంచి ఫోకస్ సరిచేసుకునే వీలుండాలి. పెద్ద తుపాకీ స్కోపులు చాలావరకు వంద గజాలకు సరిచేసి వస్తాయి, దగ్గరి వస్తువు మసకగా కనిపిస్తుంది, కన్ను కాస్త పక్కకు జరిగితే గురీ జరుగుతుంది. మౌంట్‌కు స్టాప్ పిన్ ఉందో లేదో చూడండి. అది లేకపోతే స్కోపు మెల్లగా వెనక్కి జారుతుంది, మీరేమో తప్పు పెల్లెట్లదనుకుంటారు.

ప్రశ్న: కుందేలు ఎప్పుడు కనిపిస్తుందోనని గన్‌ను లోడ్ చేసి పట్టుకునే నడవొచ్చా?

జవాబు: వద్దు. లాగి ఉంచిన ఇనుప స్ప్రింగ్ గంటలకొద్దీ అలాగే ఉంటే బలం తగ్గుతుంది. ఇనుప స్ప్రింగ్ బదులు బిగించిన గ్యాస్‌తో నడిచే గ్యాస్ పిస్టన్ గన్‌కు ఆ నష్టం లేదు, కానీ కాలు జారితే ప్రమాదం రెండిటికీ ఒక్కటే. కుందేలు కనిపించాక, మీరు కదలకుండా నిలబడ్డాక లోడ్ చేయండి, అంత టైమ్ దొరుకుతుంది. పెల్లెట్ లేకుండా ట్రిగ్గర్ నొక్కకండి, ఆపే గాలి ఒత్తిడి సరిపోక పిస్టన్ నేరుగా సిలిండర్ చివరను కొట్టుకుంటుంది. బ్యారెల్ తెరిచి ఉండగా అసలే నొక్కకండి, అది ఒక్కసారిగా పైకి లేచి వేళ్ళు నలిపేస్తుంది. కాల్చే ముందు కుందేలు వెనక ఏముందో చూడండి. గురి తప్పిన పెల్లెట్ వందల మీటర్లు వెళ్తుంది, మట్టి గట్టు వెనక లేకపోతే ఆ గుండు వదిలేయండి.