బ్యాక్టీరియాను మొదట చూసిన లీవెన్‌హుక్ నిజంగా బట్టల వ్యాపారేనా?

అవును, బ్యాక్టీరియాను మొదటిసారి చూసి వర్ణించిన ఆంటోనీ వాన్ లీవెన్‌హుక్ (1632–1723) నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ నగరంలో బట్టల వ్యాపారి. యూనివర్సిటీ చదువు లేదు, అప్పటి పండితుల భాషైన లాటిన్ కూడా రాదు.

మరి పండితులకు కనిపించనిది ఆయనకెలా కనిపించింది? అసలు కిటుకు కటకంలో ఉంది. ఆ రోజుల్లో రెండు మూడు కటకాలు కలిపి చేసిన మైక్రోస్కోపుల్లో, పెద్దది చేసి చూసేకొద్దీ బొమ్మ మసకబారి అంచుల చుట్టూ రంగులు కమ్మేవి. లీవెన్‌హుక్ ఒకే ఒక్క చిన్న కటకాన్ని ఎంతో నున్నగా తయారుచేసి లోహపు రేకుల మధ్య బిగించేవాడు. కటకం ఎంత చిన్నదై, ఎంత గుండ్రంగా ఉంటే వస్తువు అంత పెద్దగా కనిపిస్తుంది. ఆయన చేసిన మైక్రోస్కోపుల్లో నేటికీ మిగిలి ఉన్న వాటిలో ఒకటి సుమారు 270 రెట్లు పెద్దది చేసి చూపిస్తుంది. అయితే దాన్ని కంటికి దాదాపు ఆనించి చూడాలి, ఓపిక ఉన్నవాళ్లకే సాధ్యం!

ఉదాహరణకు, 1683లో తన పళ్ల మధ్య పేరుకున్న పాచిని నీటిలో కలిపి చూస్తే, అందులో కదులుతున్న జీవులు కనిపించాయి. వాటి బొమ్మలతో లండన్‌లోని శాస్త్రవేత్తల సంఘమైన రాయల్ సొసైటీకి డచ్ భాషలోనే ఉత్తరం రాశాడు.

మైక్రోస్కోపును కనిపెట్టింది ఈయనే అని చాలామంది అనుకుంటారు. కాదు, ఆయన పుట్టకముందే అది ఉంది. సూక్ష్మజీవుల వల్ల రోగాలొస్తాయని నిరూపించిందీ ఆయన కాదు. దానికి 19వ శతాబ్దం దాకా ఆగాల్సి వచ్చింది.